సెల్యూట్ లేని చోట

2018 సెప్టెంబర్‌లో ఆర్మీ నుంచి బయటికి వచ్చేటప్పటికి నేను లెఫ్టినెంట్ కల్నల్‌ని. వయసు ఇంకా నలభై దాటలేదు. గ్రాట్యుటీ చేతికొచ్చింది, పెన్షన్ మాత్రం లేదు. అధికారులకు పెన్షన్ రావాలంటే 20 ఏళ్ల సర్వీసు ఉండాలి. షార్ట్ సర్వీస్ కమిషన్‌లో, అంటే కొన్నేళ్ల పరిమితితో చేరిన ఆడవాళ్లకు అప్పట్లో ఎంత పొడిగించినా 14 ఏళ్లే. మగవాళ్లయితే ఆ లోపు పర్మినెంట్ కమిషన్‌కి, అంటే రిటైరయ్యే వయసుదాకా ఉండే ఉద్యోగానికి, పెట్టుకోవచ్చు. మాకు ఆ తలుపు 2008లో తెరిచారు గానీ న్యాయ విభాగానికీ ఎడ్యుకేషన్ కోర్‌కీ మాత్రమే. నాది సైన్యానికి సరుకులు చేర్చే సప్లై శాఖ. 2010లో ఢిల్లీ హైకోర్టు మహిళా అధికారుల వైపు తీర్పిచ్చింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ కేసు నడుస్తుండగానే నా గడువు తీరిపోయింది.

ఈ లెక్క ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆర్మీ నుంచి వచ్చిన ఆవిడ ఏదో కాలక్షేపానికి ఇంకో ఉద్యోగం చూసుకుందని చాలామంది అనుకుంటారు. మా ఆయన బ్యాంకు ఉద్యోగి, పాప అప్పటికి హైస్కూల్లో ఉంది, ఇంటి లోన్ సగం కూడా తీరలేదు. నాకు జీతం కావాలి.

ఇప్పుడు నేను కోస్తాలో ఒక పాత మిషన్ ఆసుపత్రికి డైరెక్టర్‌ని. డాక్టర్‌ని కాను. ఆసుపత్రి పేరు చెప్పను, ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది. దేవుడే నన్ను ఈ కుర్చీలో కూర్చోబెట్టాడని మా చర్చి సంఘంలో అంటుంటారు. నాకు ఆ మాట అంత సులువుగా నోట రాదు. ఏ ఉద్యోగం తీసుకోవాలో దేవుడు నాకెప్పుడూ చెవిలో చెప్పలేదు. చెప్పిన మాట వినాల్సిన అవసరం లేని మనుషులతో ఎలా పని చేయాలో మాత్రం, నా విశ్వాసం లేకపోతే నేను నేర్చుకునేదాన్ని కాదు.

మాది రైల్వే కుటుంబం. నాన్న గార్డుగా చేసి రిటైరయ్యారు, సంఘ పెద్ద. ఇంట్లో ఉదయం ప్రార్థన, రాత్రి ప్రార్థన, మధ్యలో డ్యూటీ చార్టు. 2004లో నేను చెన్నై ఆఫీసర్స్ ట్రెయినింగ్ అకాడమీలో చేరతానంటే అమ్మ నాలుగు రోజులు మాట్లాడలేదు. నాన్న మాత్రం, "అక్కడ ఆదివారం ఆరాధనకి వెళ్లనిస్తారా, కనుక్కున్నావా?" అని ఒక్కటే అడిగారు. అప్పట్లో మాకున్న దారి 1992లో మొదలైన ఉమెన్ స్పెషల్ ఎంట్రీ స్కీమ్. శిక్షణ 24 వారాలు. ఇప్పటి అమ్మాయిలకు 49 వారాలు, మగవాళ్లతో సమానంగా. అకాడమీ ఉన్నది సెయింట్ థామస్ మౌంట్ దగ్గర. క్రీస్తు శిష్యుడైన తోమా హతసాక్షి అయ్యాడని, అంటే విశ్వాసం కోసం ప్రాణమిచ్చాడని, సంప్రదాయం చెప్పే కొండ అది. డ్రిల్ చేసి చేసి కాళ్లు వాచిన వారాల్లో కూడా, బయటికి వెళ్లే అనుమతి దొరికితే ఆ కొండ మెట్లెక్కేదాన్ని. భక్తి ఎంతో, అకాడమీ గేటు దాటాలన్న ఆత్రం ఎంతో ఇప్పుడు తేల్చి చెప్పలేను.

ఆ తర్వాత ఆర్మీ సర్వీస్ కోర్. ఏఎస్‌సీ అంటారు. సైన్యానికి తిండి, ఇంధనం, రవాణా చూసే శాఖ. మా ధ్యేయవాక్యం 'సేవా అస్మాకం ధర్మః'. బైబిల్ చదివి పెరిగిన నాకు ఈ సంస్కృత వాక్యం బ్యాడ్జి మీద పెట్టుకోవడం ఎప్పుడూ ఇబ్బంది అనిపించలేదు. ఆదివారం మందిర్ పరేడ్‌కి జవాన్లతో పాటు వెళ్లి కూర్చునేదాన్ని. జవాన్ల మతమే అధికారి మతం అన్నది ఆర్మీలో పాత మాట. చాలా యూనిట్లలో గుడి, గురుద్వారా, మసీదు, చర్చి అన్నీ ఒకే కప్పు కింద ఉంటాయి, సర్వధర్మ స్థల్ అంటారు. నా కింద పనిచేసే డ్రైవరు రాత్రంతా కొండ దారిలో కాన్వాయ్ నడిపి వచ్చి, అక్కడ చేతులు జోడించి నిలబడితే, పక్కన నిలబడటం నా పని. లోపల నేనెవరికి మొక్కుకుంటున్నానో దేవుడికి తెలుసు. మా విశ్వాసుల్లో కొందరికి ఇది నచ్చదు. నచ్చకపోయినా నా పద్ధతి అదే.

నాకు నాయకత్వం నేర్పింది లదాఖ్‌లోని లేహ్. సముద్రమట్టానికి 11,500 అడుగుల ఎత్తు. అక్కడికి వెళ్లిన ఎవరైనా మొదటి ఆరు రోజులు ఒంటిని ఆ గాలికి అలవాటు చేసుకోవాలి, ర్యాంకుతో సంబంధం లేదు. అప్పట్లో చలికాలంలో మంచు పడి జోజిలా, రోహ్‌తాంగ్ కనుమలు మూసుకుపోతే రోడ్డు దారి ఉండేది కాదు. అందుకే దారులు తెరిచి ఉన్న నెలల్లోనే చలికాలానికి కావాల్సినదంతా పైకి చేర్చాల్సి వచ్చేది. దాన్ని అడ్వాన్స్ వింటర్ స్టాకింగ్ అంటారు. పిండి, పప్పు, బియ్యం, డబ్బాల్లో పండ్లు, పాలపొడి, అన్నిటికంటే ముఖ్యంగా బుఖారీలకు, అంటే గదుల్ని వెచ్చబెట్టే పొయ్యిలకు, కిరోసిన్. మూడు నెలల తర్వాత ఏ పోస్టులో ఎంతమంది ఉంటారో ఇప్పుడే ఊహించి లెక్క కట్టాలి. తక్కువ పంపితే తర్వాత హెలికాప్టరే గతి. ఎక్కువ పంపితే వేసవిలో గడువు తీరిన డబ్బాల గుట్టలు, వాటి మీద ఆడిట్ అభ్యంతరాలు.

నా డిపోలో ఒక సుబేదార్ సాబ్ ఉండేవారు. నాకంటే ఇరవై ఏళ్ల సర్వీసు ఎక్కువ. ఒకసారి ఆయనన్నారు: "పైన పోస్టులో ఉన్న కుర్రాడికి మీ భుజం మీది ర్యాంకు కనపడదు మేడమ్. మీరు పంపిన కిరోసిన్ కనపడుతుంది." కొత్త డబ్బాలు ముందు వరసలో పేర్చి పాతవి వెనక దాచే అలవాటు ప్రతి గోదాములోనూ ఉంటుందని, అది చూడాలంటే తనిఖీ అని చెప్పి వెళ్లకూడదని కూడా ఆయనే చెప్పారు.

ఆ చలికాలంలోనే నెహెమ్యా గ్రంథాన్ని మళ్లీ మళ్లీ చదివాను. చిన్నప్పుడు సండే స్కూల్లో విన్నదే. పారసీక రాజు అర్తహషస్తకు గిన్నె అందించే ఉద్యోగి, కూలిపోయిన యెరూషలేము గోడ కట్టించడానికి సెలవు తీసుకుని వెళ్తాడు. గోడ 52 రోజుల్లో లేచిందన్న సంగతే అందరూ ప్రసంగాల్లో చెబుతారు. సప్లై అధికారిగా చదివితే నాకు వేరేవి కనపడ్డాయి. వెళ్లగానే ఎవరికీ ఏమీ చెప్పడు. రాత్రిపూట కొద్దిమందిని వెంటబెట్టుకుని గోడ చుట్టూ తిరిగి ఎక్కడెక్కడ పడిపోయిందో చూస్తాడు. చూశాకే పెద్దలతో మాట్లాడతాడు. పని పంచేటప్పుడు చాలామందికి వాళ్ల వాళ్ల ఇంటి ఎదురుగా ఉన్న ముక్కే అప్పజెబుతాడు. అధికారిగా 12 ఏళ్లు తనకు రావాల్సిన భోజన భత్యం తీసుకోడు. ఇదంతా ఒక అడ్మినిస్ట్రేటర్ రాసుకున్న డైరీలా ఉంటుంది. మధ్యమధ్యలో రెండు ముక్కల ప్రార్థన, మళ్లీ పని.

సర్వీసు చివరి దశలో రీసెటిల్‌మెంట్ డైరెక్టరేట్ ద్వారా ఆరు నెలల మేనేజ్‌మెంట్ కోర్సు చేశాను. బయటికి వెళ్లబోయే అధికారుల కోసం ఐఐఎంల వంటి సంస్థల్లో ఇలాంటివి నడుపుతారు. కోర్సు పాఠాల కంటే తోటి అధికారుల కబుర్లే ఎక్కువ ఉపయోగపడ్డాయి. ఎవరికి ఏ కంపెనీలో ఏం అడిగారు, జీతం ఎంత అడగాలి, ఏ ఉద్యోగం పేరుకే పెద్దదో అన్నీ అక్కడే తెలిశాయి. బయటికొచ్చాక జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో మాజీ సైనికుల గుర్తింపు కార్డుకి వెళ్తే, కౌంటర్‌లో గుమస్తా ఫారం నా చేతికిచ్చి, "మీవారి డిశ్చార్జ్ బుక్ తెచ్చారామ్మా?" అన్నాడు. నాదే అంటే కాసేపు తలెత్తి చూశాడు. తర్వాత టీ తెప్పించాడు, పాపం.

ఇంటర్వ్యూలు రకరకాలు. ఒక గోదాముల కంపెనీ వాళ్లకు నా లెక్కలు నచ్చాయి గానీ, "రాత్రి షిఫ్టులో లారీ డ్రైవర్లు మీ మాట వింటారా?" అని అడిగారు. కార్గిల్ రోడ్డు మీద వందలాది లారీల కాన్వాయ్‌లు నడిపిన మనిషిని అడిగే ప్రశ్న అది. ఇంకో చోట సెక్యూరిటీ హెడ్‌గా తీసుకుంటామన్నారు, గేటు దగ్గర యూనిఫాం మనిషిలా కనపడాలని వాళ్ల కోరిక. బంధువుల్లో సగం మంది సెక్యూరిటీ ఏజెన్సీ పెట్టమన్నారు. ఆర్మీలో చేసిన వాళ్లకు కాపలా తప్ప ఇంకేం చేతకాదని మనవాళ్లలో బలంగా ఉంది.

సంఘంలోనేమో నన్ను సాక్ష్యాలకు, అంటే దేవుడు నా జీవితంలో చేసినది చెప్పడానికి, పిలిచేవారు. స్త్రీల కూడిక ఎక్కడ జరిగినా దెబోరా మీద ప్రసంగం, తర్వాత నేను. దెబోరా బైబిల్లో న్యాయాధిపతి, నిజమే. కానీ ఆవిడని ప్రతిసారీ నా మీద కప్పుతుంటే నాకు ఊపిరాడేది కాదు. ఆవిడ యుద్ధానికి వెళ్లింది, నేను బియ్యం పంపాను. అదే కూడికల్లో ఒక్కొక్కరు వచ్చి, "దేవుడు నీ గురించి నాకు చూపించాడమ్మా" అని ఒక్కో దారి చెప్పేవారు. ఒకరికి స్కూలు కనపడింది, ఇంకొకరికి రాజకీయాలు. ఒక పెద్దావిడకైతే మా ఇంటి మేడ మీద ప్రార్థన మందిరం కనపడింది. దైవచిత్తం అన్న మాటని మనం చాలా చవగ్గా వాడతామన్న అభిప్రాయం నాకు అప్పుడే గట్టిపడింది.

ఆ నెలల్లో గోదాముల కంపెనీ నుంచి మంచి జీతంతో ఆఫర్ లెటర్ వచ్చింది. ఆ వారమే మిషన్ ఆసుపత్రి నుంచి, అందులో సగం కంటే కొంచెం ఎక్కువ జీతానికి, అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్‌గా రమ్మని కబురొచ్చింది. నాన్న దగ్గరికెళ్లి ప్రార్థన చేయమన్నాను. చేస్తానన్నారు. లేచి వస్తుంటే, "అమ్మాయ్, నువ్వు ముందే నిర్ణయించేసుకుని దాని మీద దేవుడి సంతకం అడగొద్దు," అన్నారు. ఇంటికొచ్చి మా ఆయనతో కూర్చుని ఖర్చులు రాసుకున్నాం. ఆ జీతంతో ఇల్లు నడుస్తుందా, పాప చదువుకు దెబ్బ తగులుతుందా, నేను అక్కడ నిజంగా పనికొస్తానా? మూడోదానికి జవాబు తెలుసుకోవడానికి ఎవరికీ చెప్పకుండా ఆ ఆసుపత్రికి రోగి బంధువులా వెళ్లి ఓపీ వరండాలో ఒక పూట కూర్చున్నాను. చీటీ కోసం ఒక వరస, డబ్బు కట్టడానికి ఇంకో వరస, మందులకు మూడోది. ముసలివాళ్లు మూడుసార్లు నిలబడుతున్నారు. చూస్తుంటే చేతులు దురద పెట్టాయి. అదే నా పిలుపు అనుకోండి.

2019లో చేరాను. కోస్తాలో ఇలాంటి ఆసుపత్రులకు పెద్ద చరిత్ర ఉంది. గుంటూరుకు 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్‌ని మిషన్ బోర్డు మొదట డాక్టర్‌గా పంపనే లేదు. జెనానాల్లో, అంటే పరదాలో ఉండే స్త్రీల మధ్య పనిచేసే మిషనరీగా పంపింది. ఆవిడ వైద్యం సామాను తనతో తెచ్చుకుంది. రెండేళ్లకు గానీ బోర్డు ఆవిడని మెడికల్ మిషనరీగా గుర్తించలేదు. 1898కల్లా ఆసుపత్రి లేచింది. మాది ఆ ఆసుపత్రి కాదు గానీ ఆ రోజుల మనుషులు కట్టినదే: ఎత్తైన పైకప్పులు, పొడుగాటి వరండాలు, మధ్యలో చాపెల్, అంటే చిన్న ప్రార్థన మందిరం.

చేరిన మొదటి వారాల్లో నేను ఏ మీటింగూ పెట్టలేదు. రాత్రి పది దాటాక ఒక టార్చి పట్టుకుని తిరిగేదాన్ని. నెహెమ్యాకు గుర్రమో గాడిదో ఉంది, నాకు మోకాళ్ల నొప్పి. ఏ వార్డులో డ్యూటీ సిస్టర్ ఒక్కతే ముప్పై మందిని చూస్తోంది, ఏ మూల లైటు వెలగదు, క్యాజువాలిటీ నుంచి లేబర్ రూముకి స్ట్రెచర్ తోసుకెళ్లే దారిలో ఎక్కడ గుంత ఉంది, అన్నీ రాసుకున్నాను. ఫార్మసీ స్టోర్‌లో సుబేదార్ సాబ్ చెప్పినట్టే ఉంది: కొత్త స్టాకు ముందు, గడువు దగ్గరపడిన ఇంజెక్షన్లు వెనక.

నర్సింగ్ సూపరింటెండెంట్ సిస్టర్‌గారు మూడో రాత్రి నన్ను పట్టుకున్నారు. "వందనాలండీ మేడమ్. మా తప్పులు వెతుకుతున్నారా?" అన్నారు నేరుగా. మీ మీద పడ్డ బరువు ఎంతో చూస్తున్నానన్నాను. నమ్మలేదు. రెండు నెలల తర్వాత, నైట్ డ్యూటీకి ఇంకొక నర్సును వేసే రోస్టర్‌ని ఆవిడతోనే రాయించి ఆసుపత్రిని నడిపే కమిటీలో ఆవిడతోనే మాట్లాడించినప్పుడు నమ్మారు.

అక్కడే నాకు ఆర్మీకీ బయటికీ ఉన్న తేడా పూర్తిగా తెలిసొచ్చింది. డిపోలో నేను చెబితే, నచ్చినా నచ్చకపోయినా పని జరిగేది. ఇక్కడ సీనియర్ సర్జన్‌కి నేను చెప్పేదేంటి? ఆయన ఓపీకి పది గంటలకి వస్తారు, చీటీలు ఎనిమిదికే ఇస్తాం. ఆర్డర్ వేస్తే మర్నాడు రాజీనామా. అందుకని ఆయన్నే ఒక ఉదయం ఎనిమిదింటికి టీకి పిలిచి వరండాలో కూర్చోబెట్టాను. ఆ గంటా యాభై నిమిషాలు ఆయన పక్కన కూర్చోవడం తప్ప ఏమీ అనలేదు. ఆ తర్వాత కూడా ఆయన ఎనిమిదికి రాలేదు, తొమ్మిదికి వస్తున్నారు. చీటీలు తొమ్మిదికి మార్చాం. అలాంటి రాజీలు ఆర్మీలో చేసి ఉంటే నాకు చిన్నతనంగా అనిపించేది.

ఆర్మీ నుంచి ఉన్నది ఉన్నట్టు తెచ్చింది ఒక్కటే, దర్బార్. కమాండింగ్ అధికారి నెలకోసారి అందర్నీ ఒకచోట కూర్చోబెట్టి ఎవరి సమస్య వాళ్లని చెప్పుకోనిచ్చే పద్ధతి. మొదటి దర్బార్‌లో అందరూ దేవునికి స్తోత్రం అని కూర్చున్నారు, ఎవరూ నోరు తెరవలేదు. రెండోసారి ఆయా ఒకావిడ లేచి, చెప్పులు కావాలంది. ఫినాయిల్ నీళ్లకి కాళ్లు పాసిపోతున్నాయట. వారంలోపు రబ్బరు బూట్లు తెప్పించాం. ఆ తర్వాత నెల నుంచి దర్బార్ రెండు గంటలకు తక్కువ అవలేదు.

ఇక ఒక గది సంగతి. స్టోర్ వెనక పెద్ద గది ఒకటి ఎప్పుడూ తాళమేసి ఉండేది. సెలైన్ పెట్టెలు వరండాలో ఎండకి ఉంటే ఆ గది ఎందుకు తెరవరని అడిగితే అందరూ చూపు తిప్పుకునేవారు. చివరికి తాళం తీయిస్తే లోపల షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు. కమిటీలో ఒక పెద్దాయన దగ్గరి బంధువు వ్యాపారం సామాను. నెహెమ్యా గ్రంథం చివరి అధ్యాయం గుర్తొచ్చి నవ్వాగలేదు. అక్కడా ఇంతే. యాజకుడు తన బంధువు టోబీయాకు మందిరం కొట్టుగదిని ఇచ్చేస్తాడు. నెహెమ్యా తిరిగొచ్చి సామానంతా బయట పారేయిస్తాడు. నేను పారేయించలేదు. పది రోజుల గడువుతో ఉత్తరం రాశాను, కాపీ కమిటీ అందరికీ. పాస్టర్ అయ్యగారు నన్ను పిలిచి, విశ్వాసుల మధ్య ఉత్తరాలెందుకమ్మా, ప్రేమతో చెప్పొచ్చు కదా అన్నారు. ప్రేమతో చెప్పినట్టు ఆడిట్ రికార్డులో ఉండదు అయ్యగారూ, అన్నాను. గది ఖాళీ అయింది. ఆ పెద్దాయన ఇప్పటికీ నాకు వందనం చెప్పరు. నెహెమ్యా ఆ కొట్టుల మీద నమ్మకస్తులని పేరున్న నలుగుర్ని పెట్టాడు. మేము ఇద్దర్ని పెట్టాం, రెండు తాళాలు, ఇద్దరూ ఉంటేనే తలుపు తెరుచుకుంటుంది.

2020 ఫిబ్రవరి 17న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. సర్వీసులో ఉన్న మహిళా అధికారులందరినీ పర్మినెంట్ కమిషన్‌కి పరిశీలించాలంది. నా జూనియర్లు ఫోన్లు చేసి ఏడ్చారు, సంతోషంతో. నేను కూడా సంతోషపడ్డాను. రాత్రి చాపెల్‌లో కూర్చుని దేవుడితో కాస్త గట్టిగానే మాట్లాడాను. కీర్తనల్లో దావీదు అడిగినన్ని ప్రశ్నలు అడగొచ్చన్న ధైర్యం. జవాబేమీ రాలేదు. ఆ మర్నాడు బాయిలర్ పాడైంది.

2021 మే నెల గురించి రాయకుండా ఇది పూర్తవదు. కోవిడ్ రెండో వేవ్. మా దగ్గర ద్రవ ఆక్సిజన్ ట్యాంకు లేదు, సిలిండర్లే. పెద్ద సిలిండర్, డీ టైప్ అంటారు, అందులో సుమారు 7,000 లీటర్ల ఆక్సిజన్. నిమిషానికి 10 లీటర్లు పెట్టిన రోగికి అది పదకొండున్నర గంటలు దాటి వస్తుంది. హై ఫ్లో మెషిన్‌లో నిమిషానికి 60 పోతే రెండు గంటలు కూడా రాదు. ఈ లెక్కని వార్డు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాను. లేహ్‌లో కిరోసిన్‌కి చేసినట్టే. అయితే ఎవరికి ఎంత పెట్టాలన్నది నా చేతిలో లేదు, అది డాక్టర్ల నిర్ణయం. ఆ లెక్క చూసి ఫిజీషియన్ తనే ముందుకొచ్చారు. రోగి రక్తంలో ఆక్సిజన్ స్థాయి 92 నుంచి 96 శాతం మధ్య ఉంటే చాలన్నది అప్పటి మార్గదర్శకం. 98 చూపిస్తున్న వాళ్లకు కూడా ఎవరూ ఫ్లో తగ్గించడం లేదు. సిస్టర్‌గారు రెండు గంటలకోసారి తిరిగి తగ్గించే పనికి ప్రత్యేకంగా నర్సుల్ని వేశారు. పైపు జాయింట్లకు సబ్బు నీళ్లు రాసి లీకులు పట్టాం. విశాఖ స్టీల్ ప్లాంటులో తయారయ్యే ఆక్సిజన్ రైళ్లలో మహారాష్ట్ర దాకా వెళ్తున్న రోజులవి. మా సిలిండర్లు నింపే ప్లాంటు దగ్గర మా డ్రైవరు రాత్రంతా వరసలో ఉండేవాడు. అతనికి భోజనం క్యారేజీ పంపడం నా డ్యూటీగా పెట్టుకున్నాను. సరఫరా ఆగకూడదంటే ముందు డ్రైవర్ని చూసుకోవాలి.

ఆ వారాల్లోనే సంఘం వాళ్లు చాపెల్‌లో ఉపవాస ప్రార్థన పెడతామన్నారు. వద్దన్నాను. ఆర్మీ ఆవిడకి విశ్వాసం చల్లారిందని ఊళ్లో అనుకున్నారు. నాన్న అప్పుడు ఎనభైకి దగ్గరగా ఉన్నారు. ఆయనే పూనుకుని అందర్నీ ఫోన్ కాన్ఫరెన్సులో కూర్చోబెట్టి రాత్రి ప్రార్థన నడిపారు. రోజూ సాయంత్రం నేను ఆయనకి పడకల నంబర్లు చెప్పేదాన్ని, పేర్లు కాదు. ఆ నంబర్ల కోసం ప్రార్థించేవారు. కొన్ని నంబర్లు మర్నాటికి ఖాళీ అయ్యేవి. ఎందుకు ఖాళీ అయిందో ఆయన అడిగేవారు కాదు, నేను చెప్పేదాన్ని కాదు.

2022లో డైరెక్టర్ పదవి ఖాళీ అయినప్పుడు ఎప్పుడూ డాక్టరే ఉండాలన్న సంప్రదాయం గురించి కమిటీలో గొడవ జరిగింది. నా పేరు ప్రతిపాదించింది ఎవరనుకున్నారు? తొమ్మిదింటికి వచ్చే సర్జనే. వైద్యపరమైన నిర్ణయాలు మెడికల్ సూపరింటెండెంట్‌వి, మిగతావి నావి అని కాగితం మీద రాయించుకునే ఒప్పుకున్నాను. డైరెక్టర్ బంగళాకు ఆసుపత్రి జీతం మీద వంటమనిషి, తోటమాలి ఉండేవారు. ఇద్దర్నీ ఆసుపత్రి వంటగదికి, ఆవరణకు మార్చాను. మా అత్తయ్య మాత్రం, భత్యం వదులుకున్నది నెహెమ్యా, వంట చేయాల్సింది నేనా అని ఇప్పటికీ అంటుంది.

లెఫ్టినెంట్ జనరల్ మాధురీ కనిత్కర్ 2021లో మహారాష్ట్ర ఆరోగ్య విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్ అయ్యారు. అలాంటి పేర్లు చూసి బయటికొచ్చే అమ్మాయిలు నాకు ఫోన్ చేస్తుంటారు. ఆవిడ డాక్టర్, త్రీ స్టార్ జనరల్, మన దారి అది కాదని ముందే చెబుతాను. చివరి రెండేళ్లలోనే కోర్సుకి పెట్టుకోండి, చేతికొచ్చే గ్రాట్యుటీని చుట్టాలకి అప్పివ్వకండి, ఎక్కడ చేరాలనుకుంటున్నారో అక్కడ ఒక పూట జనంలో కూర్చుని చూడండి అంటాను. ప్రార్థన గురించి అడిగిన వాళ్లకే చెబుతాను.

ఇప్పుడు కమిటీలో నడుస్తున్న గొడవ కొత్త డబ్బు గురించి. ఆసుపత్రిలో పుట్టి విదేశాల్లో స్థిరపడిన కుటుంబం ఒకటి పెద్ద కానుక ఇచ్చింది. పెద్దలకు గేటు మీద శిలువ గోపురం కావాలి, దూరం నుంచి కనపడేలా. మురుగునీటి శుద్ధి ప్లాంటు కావాలని నేను, సిస్టర్‌గారు. మా మురుగంతా ఇప్పుడు వెనక పేటలో వాళ్ల కాలవలోకే పోతోంది. శిలువ కంటే మురుగు ఎక్కువైందా అని ఒకాయన అడిగారు. ఆ కాలవ పక్కన ఉండేవాళ్లలో మన సంఘస్థులు ఎంతమందో లెక్క తెచ్చి బల్ల మీద పెట్టాను. వచ్చే నెల ఓటింగ్. తల లెక్కపెట్టి చూస్తే ఇప్పటికి మాకు ఇద్దరు తక్కువున్నారు. అందులో ఒకాయన షామియానాల పెద్దాయన. ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన ఇంటికి వెళ్లి మాట్లాడదామనుకుంటున్నాను, ఈసారి ఉత్తరం రాయకుండా.